ఉప్పునీళ్ల తొట్టిలో పచ్చజుట్టు

“ఈ కోలారు జిల్లాలో నేరమనేది ఇంగా మిగిలి ఉండాదంటే దానికి ఒకటే కారణం రా మునేషా. నాకు టైము చిక్కడం లేదు!”

డిటెక్టివ్ చెన్నరాయప్ప ఈ మాటను రాబర్ట్‌సన్‌పేట బజారు మొత్తానికి వినిపించేలా ప్రకటించాడు. వినబడింది మాత్రం నాకొక్కడికే. ఎందుకంటే ఆ సమయంలో ఆయన వెనక రాగుల మిల్లు గడగడమని తిరుగుతోంది. మిల్లు ఆయనదే. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆయన చేతులు ఊపడం చూసి, బస్తాలు జరపమంటున్నాడేమో అనుకుని తలా ఒక అడుగు వెనక్కి జరిగారు.

నేను ఆ మిల్లు పక్క అంగడిలో దర్జీని. ఆయనకు స్నేహితుణ్ణి కావడానికి అంతకు మించి నేను చేసిన పాపమేమీ లేదు. మారువేషం కావలసి వచ్చినప్పుడల్లా చెన్నరాయప్ప నా అంగడిలో దూరి, కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ల బట్టలు తొడుక్కుని పోతాడు. ఒకసారి పెళ్లికొడుకు కోటు వేసుకుపోయి, పెళ్లి ముహూర్తానికి కాస్త ముందు తెచ్చిచ్చాడు. ఎన్ని వేషాలు వేసినా ఊళ్లో ఆయన్ని గుర్తుపట్టనివాళ్లు లేరు. కనురెప్పల మీద, చెవుల మీద, మీసం మీద ఎప్పుడూ రాగిపిండి ఉంటుంది. ఆ పిండి దులిపేస్తే ఆయన భార్యకు కూడా ఆయనెవరో తెలియదని నా నమ్మకం.

ఆ రోజు ఆయన ప్రకటన పూర్తయ్యేసరికి మంజుశ్రీ నా అంగడి మెట్లెక్కింది. మా వీధిలోనే ఉండే రామాంజినప్ప కూతురు. రామాంజినప్ప బంగారు గని మూసేదాకా అండర్‌గ్రౌండ్‌లో పనిచేసినవాడు. మంజుశ్రీ బెంగళూరులో చేపల తొట్లు అమ్మే అంగడిలో పనిచేసేది. తెల్లవారకముందే రైలెక్కి, ఇంట్లోవాళ్లు నిద్రపోయాక తిరిగొచ్చే బతుకు. ఆ రైలు మానేసి, ఇంటి ముందరి గదిలో సొంతంగా అంగడి పెట్టాలని ఆ పిల్ల కోరిక. జనానికి చూపించడానికి ముందుగా ఒక సముద్రపు తొట్టి అమర్చింది. వడపోసిన నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, తెల్లటి ఇసుక పరిచి, రాళ్లు పేర్చి, వేలెడంత పగడపు కొమ్మ ఒకటి నాటింది. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపల్ని వదిలింది. సముద్రం మొహం చూడని మా వీధివాళ్లందరం వరస కట్టి చూసొచ్చాం.

“మునేషన్నా, ఎవురో నా తొట్టిలో ఏమో వేస్తా ఉండారు” అంది మంజుశ్రీ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మిల్లు టక్కున ఆగింది. పక్క వాకిట్లోంచి పిండిమొహం ఒకటి ప్రత్యక్షమైంది.

“నేరం! చెప్పమ్మా, ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పు. చిన్న విషయమని నువ్వు వదిలేసిందే పెద్ద ఉచ్చుగా మారి నేరస్తుడి మెడకి చుట్టుకుంటాది” అన్నాడు చెన్నరాయప్ప.

“పెద్దదేమీ లేదన్నా. కొత్త తొట్టిలో మొదట ఇసక మీద గోధుమరంగు పొర పట్టుకుంటాది, దానంతట అదే పోతాది. నాకూ పట్టింది, పోయింది. దాని వెనకనే పచ్చ నాచు కొంచెం రావడం మామూలే. ఓపిగ్గా ఉంటే అదీ తగ్గల్ల. ఇది తగ్గలేదు, జుట్టు మాదిరి పెరుగుతా ఉండాది. లైటు తక్కువ చేసినాను. నీళ్లు మారుస్తా ఉండాను. మేత చిటికెడు, అదీ రోజు మార్చి రోజు. అయినా గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు కలిపి చూస్తే నీలం రంగు ఇంగా చిక్కబడతా ఉండాది. అంటే నాచుకి ఎరువు యాడి నుంచో వచ్చి పడతా ఉండాది. నేను వేయడం లేదు. మరి ఎవురు వేస్తా ఉండారు?”

“మీ నాయిన ఏమంటాడు?” అన్నాను నేను.

“ఆదివారం లోగా తొట్టిలో చేప కనపడల్ల, లేదంటే రూము పక్కింటి వెంకటేశప్పకి కోళ్ల అంగడికి ఇచ్చేస్తాను, నువ్వు మళ్లీ రైలెక్కు అనినాడు. పగడం మీదికి కూడా నాచు పాకతా ఉండాదన్నా. అది చచ్చిపోతే ఇంగ నేను అంగడి పెట్టి ఏం లాభం?”

ఆ పిల్ల చీకట్లో బ్యాగు తగిలించుకుని స్టేషనుకు పరిగెత్తడం ఎన్నిసార్లు చూశానో. చెన్నరాయప్పకు మాత్రం పండగ వచ్చినట్టుంది.

“రాబర్ట్‌సన్‌పేట ఊపిరి బిగపట్టుకోవచ్చు. చెన్నరాయప్ప బయలుదేరినాడు!” అన్నాడు. తర్వాత నా కళ్లజోడు తీసేసుకున్నాడు, భూతద్దం లేదని.

తొట్టి నిజంగానే చూడలేనట్టుంది. రాళ్లన్నిటికీ పచ్చటి వెంట్రుకలు మొలిచాయి. అద్దం మీద పచ్చపొర. ఆ పచ్చదనం వెనక ఎక్కడో నారింజ రంగు మెరిసి మాయమవుతోంది. గదికి ఆ మూల రామాంజినప్ప తొట్టికి వీపు తిప్పి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ దరిద్రాన్ని నేను కన్నెత్తి చూడనని ఆయన శపథం. అక్కడే కూర్చుని తింటాడు, అక్కడే కునుకు తీస్తాడు. చూడటం మాత్రం చూడడు.

చెన్నరాయప్ప తొట్టి మీదికి వంగాడు. మంజుశ్రీ కెవ్వుమంది.

“అన్నా, పిండి! నీళ్లల్లో పిండి పడతాది!”

ఆయన తలకు, మొహానికి తువ్వాలు చుట్టి, కళ్లు మాత్రం బయటికి వదిలాం. అలా చుట్టిన మొహాన్ని అద్దానికి ఆనించి చూసి, వెంటనే రెండడుగులు వెనక్కి గెంతాడు.

“లోపల ఒకడు ఉండాడు! ముసుగు వేసుకోనుండాడు! నా వైపే చూస్తా ఉండాడు!”

“అది నువ్వేలే చెన్నరాయప్పా. అద్దంలో నీ నీడ” అన్నాను.

“అట్ల అనుకోవల్లనే వాడు నా మాదిరి వేషం వేసినాడు” అన్నాడు. కానీ మళ్లీ ఆ వైపు అద్దం దగ్గరికి పోలేదు.

కాసేపు గది నాలుగు మూలలా పచార్లు చేసి, మొదటి సిద్ధాంతం బయటపెట్టాడు. గాలికి సైనైడ్ గుట్ట దుమ్ము కిటికీలోంచి వచ్చి తొట్టిలో పడుతోందట. గనిలో రాయి పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి మా ఊళ్లో గుట్టలు గుట్టలుగా ఉంది. గాలి లేచిందంటే అన్నంలో కూడా పడుతుంది. మా ఊళ్లో జలుబు దగ్గర్నుంచి పెళ్లి తప్పిపోవడం దాకా దేనికైనా దానిమీదే నేరం మోపుతాం.

“సైనైడు అయితే చేపలు బతికి ఉంటాయా అన్నా?” అంది మంజుశ్రీ.

“అదే కదమ్మా ఈ కేసులో మిస్టరీ!”

రెండో సిద్ధాంతం ఇంకా గొప్పది. తొట్టిలో పచ్చ వెంట్రుకలు దొరికాయి కాబట్టి నేరస్తుడిది పచ్చజుట్టు. ఆ వాదనలో లోపం ఎక్కడుందో చెప్పేలోగా ఆయన నా అంగడిలోంచి ఎవరిదో సఫారీ సూటు తొడుక్కుని బజారులో పడ్డాడు. సెల్‌ఫోన్ అంగడి జయరాం ఈ మధ్యనే జుట్టుకు పచ్చరంగు వేయించాడు. చెన్నరాయప్ప ఆయన వెనకే బజారంతా తిరిగాడు. జయరాం ఆగితే తాను ఆగి గోడమీది సినిమా పోస్టరు చదివాడు. కూరగాయల అంగడి ముందు జయరాం చటుక్కున వెనక్కి తిరిగాడు.

“చెన్నరాయప్పా, పొద్దట్నుంచి నీ కోసరమే చూస్తా ఉండాను. మా ఇంటి రాగులు ఆడినాయా లేదా?”

చెన్నరాయప్ప గొంతు మార్చి, “ఆ పేరు గలవాడు ఎవడో నాకు తెలీదు” అన్నాడు.

“తెలీకపోతే పోనీలే, సాయంత్రానికి ఆడించిపెట్టు. సన్నంగా ఉండల్ల” అని జయరాం వంకాయలు ఏరుకోసాగాడు.

అలా రెండు సిద్ధాంతాలూ కూలిపోయాక, చెన్నరాయప్ప బుర్రలో మూడోది వెలిగింది. వెలిగేటప్పుడు నేను కాజా కుడుతున్నాను, ఉలిక్కిపడి వేలు గుచ్చుకున్నాను.

“వెంకటేశప్ప! రూము ఎవురికి కావల్ల? వెంకటేశప్పకి! తొట్టి నాశనమైతే లాభం ఎవురికి? వెంకటేశప్పకి! వాడు టేపు పట్టుకొని రూము కొలిచే నెపంతో రోజూ వస్తా పోతా ఉండాడు. మునేషా, వల పన్నుదాం!”

నిజం చెప్పాలంటే ఈసారి నాకూ అది సబబుగానే అనిపించింది. వెంకటేశప్ప పక్కింటివాడే, చెడ్డవాడు కాదు. కానీ కోళ్ల అంగడి మీద మనసు పడ్డ మనిషి ఏం చేస్తాడో ఎవరికి తెలుసు?

శనివారం మధ్యాహ్నం, రామాంజినప్ప కుర్చీలో కునుకు తీసే వేళ చూసి వల పన్నాం. మంజుశ్రీ తల్లి నరసమ్మ దగ్గర ఒక పెద్ద నల్ల కంబళి అడిగి తెచ్చాం. తొట్టి లైటు ప్లగ్గు పీకి, తొట్టి మొత్తం మీద కంబళి కప్పాం. తొట్టికీ గోడకీ మధ్య సందులో స్టూలు వేసుకుని చెన్నరాయప్ప కూడా అదే కంబళి కిందికి దూరాడు. ఎవరు చెయ్యి పెడితే వాళ్ల చెయ్యి పట్టుకోవాలన్నది పథకం. పిండి తొట్టిలో పడకూడదు కాబట్టి నేను బలవంతంగా స్నానం చేయించాను. పిండి లేకుండా ఆయన్ని చూడటం నాకదే మొదటిసారి. మనిషి నల్లగానే ఉంటాడు.

“చీకటి మంచిదేలే, నాచుకి వెలుతురు ఉండకూడదు. నేను అప్పుడే కప్పుదాం అంటే, కప్పితే ఎవురు చూస్తారని నాయిన ఒప్పుకోలేదు” అంది మంజుశ్రీ. “పంపు మాత్రం ముట్టొద్దన్నా. చేపల ప్రాణం దాంట్లోనే ఉండాది. నేను పెరట్లో ఉప్పునీళ్లు కలపతా ఉంటాను.”

“నేను గని సైరన్ మాదిరి ఊదుతాను. అప్పటిదాకా నువ్వు కదలొద్దు, దగ్గొద్దు, నవ్వొద్దు!” అని కంబళి నాకు ఆజ్ఞ ఇచ్చింది.

నేను బీరువా వెనక నక్కాను. కంబళి కింద వెచ్చగా ఉండి ఉంటుంది. చీకటి, పంపు గుడగుడ. పొద్దున్నుంచి మిల్లు దగ్గర బస్తాలు మోసిన ఒళ్లు. సైరన్ బదులు కాసేపటికే గురక మొదలైంది, వింటే కుర్చీలోని రామాంజినప్పదే అనుకునేలా. తొట్టి అంచు మీద గడ్డం ఆనించుకుని, నోరు తెరుచుకుని మహా డిటెక్టివ్ నిద్రపోతున్నట్టు కంబళి ఉబ్బును బట్టి నాకు తెలుస్తూనే ఉంది. లేపుదామంటే కదలొద్దన్నాడు కదా.

మొదట నరసమ్మ వచ్చింది. చేతిలో అన్నం కంచం. నేను రామాంజినప్పకు భోజనం తెచ్చిందనుకున్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, కంబళి ఒక కొస ఎత్తింది.

“పాపం, మిమ్మల్ని చీకట్లో పెట్టేసినారే నాయినా” అంటూ చెయ్యి లోపలికి పెట్టి ఒక ముద్ద వదిలింది.

గురక ఆగింది. లోపల్నించి గుటక్కున మింగిన చప్పుడు వినబడింది. గురక మళ్లీ మొదలైంది.

“ఎంత ఆకలి మీద ఉండారో” అని కళ్లు తుడుచుకుంటూ, కంచం కుర్చీ పక్కన పెట్టి ఆవిడ వంటింట్లోకి పోయింది. నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

తర్వాత వెంకటేశప్ప వచ్చాడు, చేతిలో టేపు. ఆయన గది పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, అటూ ఇటూ చూశాడు. జేబులోంచి గుప్పెడు కోళ్ల దాణా తీసి కంబళి కిందికి పోశాడు.

“తినండి, తినండి. నేను వచ్చినాక మిమ్మల్ని యాడికి పంపిస్తారో ఏమో” అన్నాడు జాలిగా.

లోపల కరకరమని నమిలిన చప్పుడైంది. వెంకటేశప్ప మొహం పాలిపోయింది. “చేపకి ఇట్లాటి పళ్లు ఉండాయా?” అని గొణుక్కుంటూ, టేపు చుట్టుకోవడం కూడా మరిచిపోయి, దాన్ని ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు.

నవ్వు ఆపుకోలేక బీరువాకు తల కొట్టుకుంటున్న సమయంలో మూడో మనిషి లేచాడు. ఎక్కణ్నుంచో రాలేదు. గదిలోనే, కుర్చీలోంచే లేచాడు. రామాంజినప్ప! తొట్టిని కన్నెత్తి చూడనన్న రామాంజినప్ప!

నరసమ్మ అప్పుడే పెట్టిపోయిన కంచంలో రాగిముద్ద, ఉప్పుసారు, ఎర్రగా నూరిన కారం. ఆయన ముద్ద తుంచి, సారులో ముంచి, కారంలో అద్ది, పిల్లిలా తొట్టి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“కనపడకుండానే పోతిరి కదమ్మా. చిక్కిపోయి ఉంటారు. ఆ పిల్ల చిటికెడు వేసి కడుపు కాలుస్తా ఉండాది. కడుపునిండా పెట్టలేనోళ్లు జీవాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చుకోవల్ల? ఆదివారం అయితే యాడన్నా బాగా సాకేవాళ్లకి ఇచ్చేస్తాను. అందాక నేనుండాను. ఈ పొద్దు రెండు ముద్దలు తినండి.”

నేను బీరువాకు తల కొట్టుకోవడం ఆపాను. రామాంజినప్ప కంబళి ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టాడు.

కారం పని చేసింది. కంబళి కింద ఒక పెనుకేక పుట్టింది, కానీ నోట్లో ముద్ద, ముద్ద వెనక వేళ్లు. చెన్నరాయప్ప పళ్లు ఠపీమని మూసుకున్నాయి.

“అయ్యయ్యో! చేప కరిచింది! నరసా, చేప కరిచిందే!”

“ఉమ్మ్ మ్మ్ మ్మ్!” అంది కంబళి. ‘నేరస్తుడు దొరికినాడు’ అన్నానని తర్వాత చెన్నరాయప్ప వివరించాడు.

కంబళి నిలబడింది. రామాంజినప్ప వెనక్కి లాగాడు, కంబళి ముందుకొచ్చింది. స్టూలు తిరగబడింది. చెన్నరాయప్ప కాలు తగిలి లైటూ, దాని అడాప్టరూ ఎగిరి పక్కనున్న ఉప్పునీళ్ల బకెట్లో మునిగాయి. పంపు మాత్రం ఏ దేవుడి దయవల్లో గుడగుడమంటూనే ఉంది. మంజుశ్రీ పెరట్లోంచి, నరసమ్మ వంటింట్లోంచి, వెంకటేశప్ప వీధిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి, కంబళిలోంచి బయటపడ్డ తల ఒకటి రామాంజినప్ప వేళ్లను ఇంకా వదలకుండా పట్టుకుని ఉంది. నరసమ్మ ఆ తలను చూసి “ఇదెవురు?” అని అడిగింది. పిండి లేదు కదా.

“వదలన్నా, వదులు!” అంది మంజుశ్రీ. వదిలాడు. ఆ పిల్ల తండ్రి చేతికి అంటుకున్న రాగిముద్ద చూసింది.

“నాయినా, నువ్వా?”

రామాంజినప్ప తల దించుకున్నాడు. “ఒక్క ముద్దేలేమ్మా. నేను తినేటప్పుడు మాత్రమే.”

“ఏంది, నువ్వూ పెడతా ఉండావా?” అంది నరసమ్మ. అని, నాలుక కరుచుకుంది.

“నువ్వూనా అమ్మా?”

వెంకటేశప్ప చేతిని జేబులోంచి నెమ్మదిగా బయటికి తీశాడు. వేళ్ల సందుల్లోంచి దాణా రాలింది. “ఎదురుగా నోరుండే జీవం ఉంటే ఏమీ పెట్టకుండా సుమ్నే ఎట్ల పోయేది తల్లీ” అన్నాడు.

మంజుశ్రీ ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. “ఆ చేప కడుపు ఎంత ఉంటాదో తెలుసా నాయినా? దాని కంటిగుడ్డంత! మిగిలిందంతా కుళ్లి నాచుకి ఎరువు అయితా ఉండాది. నువ్వు ఇన్నాళ్లు సాకింది చేపల్ని కాదు, నాచుని!”

“నాకేం తెలుసమ్మా” అన్నాడు రామాంజినప్ప. “అండర్‌గ్రౌండ్‌లో టిఫిన్ మూత తీస్తే మొదటి ముద్ద ఎలకకి వేస్తా ఉన్న్యాము. ఎలక వచ్చి తింటా ఉంటే పైన రాయి గట్టిగా ఉండాదని మాకు ధైర్యం. ఎలక రాలేదంటే మేమూ తినకుండా లేచి వస్తా ఉన్న్యాము. మొదటి ముద్ద ఎవురికన్నా పెట్టకుండా నా గొంతు దిగదు. నాచు పెరిగే కొద్దీ చేపలు కనపడలేదు. కనపడకపోతే ఆకలికి చస్తా ఉండాయేమోనని ఇంగో ముద్ద వేసినాను. ఇంగా పెరిగింది, ఇంగో ముద్ద వేసినాను. నా చేత్తో నేనే నీ అంగడి మూసేస్తా ఉన్న్యానా తల్లీ?”

చెన్నరాయప్ప నోట్లో ముద్ద పూర్తిగా మింగి, చెంబెడు నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు.

“ఇదంతా నాకు మొదట్నించీ తెలుసు. ఈ కేసుకి నన్ను నేనే ఎరగా వేసినాను!”

అందరం ఆయన్ని చూశాం. గడ్డానికి కోళ్ల దాణా అంటుకుని ఉంది.

లైటు అడాప్టరు ఉప్పునీళ్లు తాగి చచ్చింది. కొత్తది బెంగళూరు నుంచి రావడానికి కొన్ని రోజులు పట్టింది, అందాకా కంబళి అలాగే ఉండిపోయింది. ముద్దలు లేవు, వెలుతురు లేదు. కంబళి తీసిన రోజు చూస్తే, పచ్చజుట్టు పాలిపోయి, పీకితే ఊడొస్తోంది. మంజుశ్రీ మిగిలినదాన్ని పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్ది, గొట్టంతో లాగేసి, నీళ్లు మార్చి, నాచు తినే నత్తల్ని తెచ్చి వదిలింది. రెండు చేపలూ చిక్కలేదు సరికదా, బాగా బలిసి ఉన్నాయి. పగడపు కొమ్మ మొదట్లో ముడుచుకునే ఉంది. తర్వాత ఒక పొద్దున చిన్న చిన్న వేళ్లు చాచింది. దాన్ని మొదట చూసినవాడు రామాంజినప్ప. ఇప్పుడాయన కుర్చీ తొట్టికి ఎదురుగా ఉంటుంది.

ఆదివారం గడువు మాట ఎవరూ ఎత్తలేదు. వెంకటేశప్ప టేపు పట్టుకుని మళ్లీ వచ్చాడు. నేను కంగారు పడ్డాను గానీ, ఆయన కొలిచింది వాకిలి పైనున్న గోడని, మంజుశ్రీ అంగడి బోర్డు ఎంత పొడుగు పడుతుందో అని. ఆయనకు కోళ్ల అంగడికి వేరే చోటు దొరికిందట. దొరక్కపోయినా ఈ గది అడిగేవాడు కాదని నా అభిప్రాయం. ఆ సాయంత్రం మంజుశ్రీ అలవాటుగా అలారం పెట్టుకుంటుంటే రామాంజినప్ప ఫోను తీసుకుని పక్కన పెట్టాడు.

“ఇంగ రైలు లేదులేమ్మా. తెల్లారినాక లెయ్యి” అన్నాడు.

మొదటి ముద్ద సంగతి మాత్రం తెగలేదు. పట్టుబడిన మర్నాడే భోజనం దగ్గర రామాంజినప్ప ముద్ద తుంచి, తొట్టి వైపు చెయ్యి చాచి, కూతురి చూపు చూసి ఆగిపోయాడు. పెట్టకుండా తినలేడు, పెట్టడానికి జీవం లేదు. ముద్ద చేతిలో ఆరిపోతోంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో పిండిమొహం కనిపించింది. “నేరస్తులు మళ్లీ నేరం చేసేది అన్నం టైములోనే. నేను రోజూ ఈ టైముకి వచ్చి నిఘా పెట్టల్ల” అన్నాడు చెన్నరాయప్ప, కంచం వైపు చూస్తూ.

రామాంజినప్ప మొహం వెలిగింది. “దాప్పా, నోరు తెరువు” అని ముద్ద ఆయన నోట్లో పెట్టాడు. చెన్నరాయప్ప నమిలాడు, గుటక్కున మింగాడు. రామాంజినప్ప చెవి పెట్టి విన్నట్టు ఒక్క క్షణం ఆగి, ఇంటి కప్పు వైపు చూసి, తృప్తిగా తన ముద్ద తుంచుకున్నాడు.

“తింటా ఉండాడు. రాయి గట్టిగానే ఉండాది నరసా, నువ్వూ కూర్చో” అన్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో భోజనం అలాగే జరుగుతోంది. చెన్నరాయప్ప రోజూ రెండో ముద్ద కోసం ఎదురుచూస్తూ, కోలారు జిల్లా నేరస్తులకు ఏదో భయంకరమైన హెచ్చరిక చేస్తాడు. నోటినిండా రాగిముద్ద ఉంటుంది కాబట్టి అదేమిటో ఇంతవరకు ఎవరికీ తెలియదు.